వాననీళ్ళు నిలిచినప్పుడు మ్యాన్‌హోల్ మూత తీయడం తప్పా?

పెన్నాతీరం:
నెల్లూరులో గట్టి వాన పడితే రైలు పట్టాల కింది దారులు ఎలా మునుగుతాయో అందరికీ తెలుసు. మా వీధిలోనూ మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. కుర్రవాళ్ళు గునపంతో మ్యాన్‌హోల్ మూత లేపారు. గంటలో నీళ్ళు దిగిపోయాయి. ఎదురింటి పెద్దాయన మాత్రం వాళ్ళను తిట్టిపోశారు. నీళ్ళు గడప దాటి లోపలికి వస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలా?

డ్రైనేజీ మేస్త్రి:
పెద్దాయన కోపంలో న్యాయం ఉందండీ. మీ వీధి నీళ్ళు పోయి పల్లపు వీధి మీద పడ్డాయి. భూగర్భ డ్రైనేజీ గొట్టాన్ని ఇళ్ళ మురుగుకు సరిపోయేలా వేస్తారు. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళిస్తే అందులో 80 శాతం మురుగవుతుందని లెక్క. నలుగురున్న ఇంటికి సుమారు 430 లీటర్లు. 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే వచ్చేది 5,000 లీటర్లు! ఆ ఇంటి పదకొండు రోజుల మురుగు కంటే ఎక్కువ. అదంతా ఒక్కసారిగా గొట్టంలో పడితే పల్లంలో ఉన్నవాళ్ళ మరుగుదొడ్డిలోంచి మురుగు పైకి తన్నుతుంది. వానతోపాటు రోడ్డు మీది ఇసుక కూడా దిగి గొట్టంలో పేరుకుంటుంది. వాన వెలిశాక ఆ అడ్డు తీయాలి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని లోపలికి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అయినా దిగి ప్రాణాలు పోగొట్టుకుంటున్నవాళ్ళు ఉన్నారు.

కాలువగట్టు:
మేస్త్రి గారూ, కలకత్తాలో బ్రిటిషు కాలం నుంచీ మురుగూ వాననీరూ ఒకే గొట్టంలో పోతున్నాయి కదా. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు? 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మేము సామాను మంచాల మీదకెక్కించుకుని రాత్రంతా మేలుకున్నాం. ఆ సమయంలో ఏ దారి దొరికితే ఆ దారినే నీళ్ళు పంపుతారు ఎవరైనా.

డ్రైనేజీ మేస్త్రి:
కలకత్తావి మనిషి లోపలికి దిగి నడవగలిగేంత పెద్ద ఇటుక సొరంగాలు. రెండు నీళ్ళూ కలిసి పోవాలనే కట్టారు. మన వీధి గొట్టంలో చెయ్యి పడుతుంది, మనిషి పట్టడు. ఇంకో సంగతి, మూత తీసిన గుంత బురదనీటి కింద కనిపించదు. బడి వదిలాక పిల్లలు ఆ దారినే వస్తారు.

ఒంగోలు గృహిణి:
తాగునీటి సంగతి ఎవరూ ఎత్తలేదు. మాకు కుళాయి నీళ్ళు రోజూ రావు. మధ్య రోజుల్లో పైపు ఖాళీగా ఉంటుంది. మురుగు వీధిలో పారుతున్నప్పుడు పైపుకు చిన్న పగులున్నా అది లోపలికి చేరుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించినవాళ్ళు దాన్ని ఇంకా గట్టిగా లాగుతారు. ట్యాంకు దగ్గర క్లోరిన్ కలిపినా, ఇంత మురుగు చేరాక కుళాయి దగ్గర ఏం మిగులుతుంది? వానల తర్వాత వీధి వీధంతా వాంతులూ విరేచనాలూ వస్తే హోటల్ తిండిని తప్పుపట్టడం సరికాదు.

పెన్నాతీరం:
సరే, మూత తీయవద్దు. మరి నీళ్ళు ఎటు పోవాలి? పక్క కాలువ పూడిపోయి ఉంది కాబట్టే కదా గునపం పట్టుకున్నాం.

డ్రైనేజీ మేస్త్రి:
అసలు పోరాడవలసింది దాని కోసమే. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సెప్టెంబరులోపే పూడిక తీయాలి, తీసినది అదే రోజు ట్రాక్టరులో ఎత్తెయ్యాలి. గట్టునే కుప్పలు పోసి వదిలేస్తే మొదటి వానకే మళ్ళీ కాలువలోకి జారుతుంది. డాబా గొట్టాన్ని మురుగు చాంబరులో కలిపినవాళ్ళు దాన్ని విప్పి కాలువలోకో ఇంకుడు గుంతలోకో మళ్ళించుకోవాలి.

పెన్నాతీరం:
పూడికతీతకు వార్డు సచివాలయంలో అర్జీ ఇస్తాను. వీధిలో అందరి సంతకాలూ కావాలి.

కాలువగట్టు:
కాలువ మీద పలకలు పరిచి, దానిపై మెట్లూ బండి ర్యాంపులూ కట్టుకున్న సంగతి అందులో రాస్తారా? ఆ పలకలు లేవకుండా పార లోపలికి పోదు. అది రాయకపోతే నేను సంతకం పెట్టను.