ప్రైమరీ బడిలో రోజూ డ్రిల్లు పీరియడ్: కావాలా, వద్దా?

నౌపడా లైను (చర్చ మొదలుపెట్టినవారు):
ఒడిశాలో మా పర్లాకిమిడిలో మావాడి బడిలో మొన్న పేరెంట్స్ మీటింగు జరిగింది. వారానికి రెండే ఉన్న డ్రిల్లు పీరియడ్లు ఒకటి నుంచి ఐదు తరగతులకి రోజూ పెడదామన్నారు. నేను చెయ్యెత్తాను. మావాడు మూడో తరగతి, మేడ మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. ఐదేళ్ళు నిండిన పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరేమంటారు?

గుణుపురం కోడలు:
పెట్టాలి. మా పాప చేతిలోంచి ఫోను లాక్కోలేక చస్తున్నాను.

రిటైర్డు మాస్టారు:
చెయ్యెత్తడం సులువే బాబూ, ఆడించేదెవరు? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చదవండి. వ్యాయామానికి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ అన్నమాట ఆరు నుంచి ఎనిమిది తరగతులకే ఉంది, అదీ వందమంది దాటితేనే. చిన్న తరగతులకు లేదు. 60 మంది వరకు ఇద్దరే టీచర్లు. ఒకరు మధ్యాహ్న భోజనం లెక్కలు రాసుకుంటుంటే రెండో ఆవిడ ఈల పట్టుకుని ఎండలో నిలబడాలి. ముప్ఫై ఏళ్ళు చూశాను: నలుగురు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడతారు, మిగతావాళ్ళు వేపచెట్టు కింద కూర్చుని వేపకాయలు విసురుకుంటారు.

నౌపడా లైను:
అదే షెడ్యూల్లో ఆటస్థలం ఉండాలని కూడా ఉంది. అది చెప్పరేం?

రిటైర్డు మాస్టారు:
స్థలం ఉంది. పెళ్ళి పందిళ్ళకు పాతిన మేకులూ అందులోనే ఉన్నాయి. డ్రిల్లు మాస్టారు ఎక్కడ?

బరంపురం బాబు:
2018లోనూ 2023లోనూ హాకీ వరల్డ్ కప్ మన ఒడిశాలోనే. మా వీధి బడిలో ఒక్క హాకీ కర్ర చూపించండి.

ఏటి ఒడ్డు:
నేను వద్దంటాను. నాలుగో తరగతిలో తెల్ల కాన్వాసు బూట్లు లేవని మా డ్రిల్లు సారు గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తమన్నాడు. ఐదో రౌండులో పడ్డాను. ఎడమ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. ఈల వినిపిస్తే టెన్షనే.

నౌపడా లైను:
మీ సారు దుర్మార్గుడైతే మావాడు బెంచీకి అతుక్కుపోవాలా?

ఏటి ఒడ్డు:
మీవాడి ఆయాసం బడి తెచ్చింది కాదు. సాయంత్రం బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేది మీరే. నడిపించండి.

నౌపడా లైను:
నా ఇంటి సంగతి మీకెందుకండీ? బూట్ల కోపం ఇక్కడ తీర్చుకుంటున్నారా?

ఏటి ఒడ్డు:
సరే, బూట్లు వదిలేద్దాం. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. ఆ నాలుగు పీరియడ్లు ఎక్కడినుంచి తీస్తామన్నారో మీరు రాయలేదు. తెలుగులోంచి! వారానికి ఆరున్నది రెండవుతుంది.

గుణుపురం కోడలు:
అయ్యో, ఇది నాకు తెలీదే.

నౌపడా లైను:
రాయలేదు, నిజమే. కానీ వాడికి రేపు పనికొచ్చేది ఒడియా, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నాంగా.

ఏటి ఒడ్డు:
మాట్లాడుతున్నాం, చదవడం పోయింది. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసింది. మా తాత ఆ తర్వాత కూడా తెలుగులోనే పద్దులు రాశాడు. మా మేనల్లుడు బోర్డరు దాటగానే పాతపట్నంలో బస్సు బోర్డు చదవలేక నన్ను అడిగాడు. పదో తరగతి వాడు! కోత పడిన ప్రతిసారీ ముందు తెగేది తెలుగే. లెక్కల పీరియడ్ తీస్తామంటే మీరు చెయ్యెత్తేవారా?

నౌపడా లైను:
ఎత్తేవాణ్ణి కాదు.

రిటైర్డు మాస్టారు:
చట్టం ప్రకారం చిన్న తరగతులకు ఏడాదికి 200 రోజులు, 800 గంటల చదువు. అంటే రోజుకు నాలుగు గంటలు. ఆట ఆ నాలుగు గంటల బయట పెట్టమనండి, ప్రార్థనకు ముందు అరగంట. ఎండా ఉండదు.

గుణుపురం కోడలు:
అంత పొద్దున్నే క్యారేజీ ఎవరు కడతారు మాస్టారూ?

నౌపడా లైను:
ఎత్తిన చెయ్యి దింపను. కానీ తెలుగు ముట్టుకోవద్దని వచ్చే మీటింగులో నేనే లేచి అడుగుతాను.

ఏటి ఒడ్డు:
అడగండి. పక్కనే కూర్చుంటాను.

రిటైర్డు మాస్టారు:
డ్రిల్లు మాస్టారు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.