ప్రాంతీయ మండళ్లను మేయర్లకు అప్పగిస్తే నదులకు మంచిదేనా?

టారడేల్_వాసి: న్యూజిలాండ్‌లో ఉన్నవాళ్లకు ఒక ప్రశ్న. మా ఇంటికి రెండు రేట్స్ (ఇంటిపన్ను) బిల్లులు వస్తాయి. సిటీ కౌన్సిల్‌ది ఒకటి: కుళాయి నీళ్లు, చెత్త, వీధులు. రెండోది ప్రాంతీయ మండలిది, అంటే రీజినల్ కౌన్సిల్‌ది: నదులు, కరకట్టలు, బస్సులు, నీళ్లు తోడుకోడానికీ మురుగు వదలడానికీ కన్సెంట్లు, అంటే అనుమతులు. ఇలాంటి మండళ్లు 11 ఉన్నాయి. వీటికి ఎన్నికైన సభ్యులను తీసేసి మేయర్ల బోర్డుకు పని అప్పగిద్దామని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రతిపాదించింది. మీరేమంటారు?

ఆక్లాండ్_అబ్బాయి: మంచిదే అంటాను. ఆక్లాండ్‌లో 2010 నుంచి అన్నీ ఒకే కౌన్సిల్ చూస్తోంది. హేస్టింగ్స్ పక్కనున్న హావ్‌లాక్ నార్త్ సంగతి గుర్తుందా? 2016 ఆగస్టులో పెద్ద వానకు గొర్రెల పెంటికలు కలిసిన నీళ్లు ఊరి బోర్లలోకి దిగి, 14,000 మంది ఉన్న ఊళ్లో 5,000 మందికి పైగా జబ్బుపడ్డారు. బోర్లు నడిపే జిల్లా కౌన్సిల్‌కీ, భూగర్భ జలాలు చూసే మండలికీ పొసగడం లేదని విచారణలో తేలింది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్నట్టే అయింది.

దివిసీమ_టు_హేస్టింగ్స్: ఆ సంగతి నేను ఇంకోలా చూస్తాను తమ్ముడూ. విచారణ తర్వాత ఆ రెండు కౌన్సిళ్లనూ కలపలేదు. తాగునీటి మీద నిఘాకు 2021లో టౌమాటా అరోవై అనే విడి సంస్థను పెట్టారు. నీళ్లిచ్చేవాళ్లు వేరు, తనిఖీ చేసేవాళ్లు వేరు. నదికీ అదే కావాలి. ఊరి మురుగు వదలడానికి అర్జీ పెట్టేది మేయర్ కౌన్సిలే, కన్సెంట్ ఇచ్చే ఆఫీసు మీద కూర్చునేదీ ఆ మేయరే అయితే ఎలా?

గిస్బోర్న్‌లో ఊరి పనులూ ప్రాంతీయ మండలి పనులూ ఒకే కౌన్సిల్‌వి. 2023 ఫిబ్రవరి గాబ్రియేల్ తుపానులో, కొండల మీద నరికి వదిలేసిన దుంగలు కొట్టుకొచ్చి వంతెనల మీదా పొలాల మీదా పడ్డాయి. నిబంధనల విషయంలో మెత్తగా ఉందని, తనిఖీకి తగినంత సిబ్బందిని పెట్టలేదని విచారణ కమిటీ ఆ కౌన్సిల్‌ను తప్పుపట్టింది.

మాది దివిసీమ, 1977 ఉప్పెన గురించి వింటూ పెరిగాను. గాబ్రియేల్ తర్వాత పాకోవైలో స్నేహితుడి ఇంట్లో నాలుగు రోజులు పారలతో ఒండ్రు ఎత్తిపోశాం. ఆపిల్ చెట్లకు మొదటి కొమ్మ దాకా మట్టే. కోతకొచ్చిన కాయ చేతిలోకి తీసుకుంటే మట్టిముద్దలా ఉంది. ఆ ఊరికి అటు ఒక నది, ఇటు ఒక నది. అటువైపు ఉన్న టుటైకురీ నది కొండల్లో పుట్టి, హేస్టింగ్స్ జిల్లా దాటి, నేపియర్ పక్కన సముద్రంలో కలుస్తుంది. ఒక ఒడ్డున కరకట్ట పెంచితే ఎదుటి ఒడ్డుకు ముప్పు. నేపియర్ మేయర్ నేపియర్‌నే చూసుకుంటారు, అందులో తప్పులేదు, అందుకే ఎన్నుకున్నారు. నది మొత్తానికీ జవాబు చెప్పాల్సిన మనిషి ఒకరు ఉండాలి కదా!

ఆక్లాండ్_అబ్బాయి: ఆ మనిషికి ఓటేసేదెవరన్నా? స్థానిక ఎన్నికల్లో సగం మంది కూడా ఓటెయ్యరు. మీ మండలి సభ్యుడి పేరు నిజంగా మీకు తెలుసా?

దివిసీమ_టు_హేస్టింగ్స్: తుపానుకు ముందు తెలీదు. ఇప్పుడు తెలుసు, మీటింగులకు వెళ్తున్నాను. కానీ ఒకసారి తీసేస్తే మళ్లీ రావడం తేలిక కాదు. కాంటర్‌బరీ ప్రాంతీయ మండలిలో 2010లో ఎన్నికైన సభ్యులను తీసేసి కమిషనర్లను పెట్టారు. పూర్తిగా ఎన్నికైన మండలి మళ్లీ వచ్చింది 2019లో. బిల్లు ఒకటి తగ్గుతుందంటే నాకూ సంతోషమే, రెండూ కలిపి ఒకే కాగితం మీద పంపమనండి.