నేను పోయాక ఇంట్లోవాళ్ళు దిక్కుతోచక నిలబడకుండా ఇప్పుడే ఏమేమి చక్కబెట్టాలి?

ప్రశ్న (కె.ఆర్.పురం నుంచి)

అందరికీ నమస్కారం. నాకు 56 ఏళ్ళు. మాది హిందూపురం దగ్గర ఒక పల్లె. ఉద్యోగరీత్యా 27 ఏళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నాము. కె.ఆర్.పురంలో నా పేరునా, నా భార్య పేరునా కలిపి కొన్న ఫ్లాటు ఉంది. మాకు ఒక్కతే కూతురు; ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఉద్యోగంలో చేరింది. 81 ఏళ్ళ మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఊళ్ళో నాన్నగారు తన సంపాదనతో కొన్న నాలుగు ఎకరాలు ఉన్నాయి. ఆయన 2011లో కాలం చేశారు గాని పాసుపుస్తకం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. తమ్ముడు సాగు చేసుకుంటున్నాడు, చెల్లెలు ధర్మవరంలో ఉంటుంది. మా మధ్య ఏ పొరపొచ్చాలూ లేవు, అందుకే ఇన్నాళ్ళూ ఎవరమూ ఆ కాగితాల జోలికి పోలేదు.

కిందటి నెల ఆఫీసులో నా పక్కన కూర్చునే మిత్రుడు 52 ఏళ్ళకే నిద్రలో పోయాడు. కర్మకాండ అయ్యాక ఆయన భార్యకు సాయంగా నాలుగు ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళాను. ఫోనుకు ఆయన వేలిముద్ర తప్ప వేరే తాళం ఎవరికీ తెలియదు. బీరువాలో దొరికిన మూడు తాళంచెవుల్లో ఒకటి లాకరుదని గుర్తుపట్టగలిగాము గాని, అది ఏ బ్యాంకు లాకరో తెలియలేదు. ఒక బీమా పాలసీ ఉన్నదన్న సంగతి, ప్రీమియం కోత పడిన బ్యాంకు స్టేట్‌మెంటు చూసి ఊహించుకున్నాము. ఎంతో జాగ్రత్తగా బతికిన మనిషి ఆయన. ఆ జాగ్రత్తంతా ఆయన తలలోనే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? అన్నిటికీ నామినీ రాసి ఉంటే చాలదా? ఉన్నది ఒక్క కూతురే అయినప్పుడు వీలునామా అవసరమా? వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. ఈ మాట ఎత్తగానే నా భార్య కళ్ళ నీళ్ళు పెట్టుకుని, అశుభం పలకవద్దని లేచి వెళ్ళిపోతుంది. ఆమెతో ఎలా మాట్లాడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.


జవాబు 1 (బసవనగుడి, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

నామినీ గురించి మాత్రం నేను చెప్పగలను. నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతికి డబ్బు అప్పగించాలో చెప్పే పేరు మాత్రమే. ఆ డబ్బు చివరకు ఎవరికి చెందాలన్నది వీలునామా గాని, అది లేకపోతే వారసత్వ చట్టం గాని తేలుస్తుంది. షేర్ల విషయంలోనూ ఇదే మాటను సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. బీమాలో మాత్రం 2015 సవరణ తరువాత, తల్లిదండ్రులనో భార్యనో బిడ్డలనో నామినీగా రాస్తే ఆ సొమ్ము వారిదేనని చట్టంలో ఉంది, అయినా దాని మీద కోర్టుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

అయినా నామినీ పేరు లేకపోతే పడే తిప్పలు నేను కౌంటరు లోపలి నుంచి ఎన్నో ఏళ్ళు చూశాను, కాబట్టి ప్రతి ఖాతాకూ రాయించండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను, ఎవరికి ఎంత వాటానో చెప్పి, రాసే వీలు వచ్చింది. నామినీ ఉన్న ఖాతా క్లెయిమును, కాగితాలన్నీ అందిన 15 రోజుల లోపల బ్యాంకు పరిష్కరించాలి. పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్టు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్ళిపోతుంది. అలాంటివాటిని వెతకడానికి ఉద్గమ్ అనే పోర్టల్ ఉంది. మీ మిత్రుడి భార్యగారికి దాని గురించి చెప్పండి.

పీఎఫ్ ఖాతాను ఈ రోజే తెరిచి చూడమని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. పెళ్ళికి ముందు రాసిన నామినేషను పెళ్ళితో చెల్లకుండా పోతుంది. ఆ సంగతి తెలియక పాత పేరే అలా ఉంచేసినవారు ఎందరో ఉన్నారు. ఉద్యోగంలో ఉండగా పోతే కుటుంబానికి వచ్చే ఈడీఎల్ఐ బీమా సొమ్ము, గరిష్ఠంగా 7 లక్షల రూపాయలు, ఆ ఖాతాకే ముడిపడి ఉంటుంది.


జవాబు 2 (మల్లేశ్వరం, న్యాయవాది)

ఒక్క కూతురే కదా అని మీరు అనుకుంటున్నారు గాని, చట్టం దృష్టిలో మీ వారసులు ముగ్గురు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా రాయకుండా మగవాడు పోతే భార్య, బిడ్డలతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే, ఆమెకు సమాన వాటా ఉంటుంది. ఇది చాలామందికి తట్టదు. ఫ్లాటులో మీ భాగం సగమని అనుకుందాం. జరగరానిది జరిగితే ఆ సగం మూడు వాటాలై, మొత్తం ఫ్లాటులో ఆరో వంతు మీ అమ్మగారిది అవుతుంది. ఆ తరువాత ఆవిడ కూడా వీలునామా లేకుండా కాలం చేస్తే, ఆ ఆరో వంతు మీ తమ్ముడికీ, మీ చెల్లెలికీ, మీ స్థానంలో మీ అమ్మాయికీ పద్దెనిమిదో వంతు చొప్పున చేరుతుంది. రేపు మీ శ్రీమతి ఆ ఫ్లాటు అమ్మాలంటే ధర్మవరం నుంచి మీ చెల్లెలు, హిందూపురం నుంచి మీ తమ్ముడు వచ్చి సంతకాలు పెట్టవలసి ఉంటుంది. ఈ తరంలో వాళ్ళు సంతోషంగా పెడతారు. వాళ్ళ తరువాత వాళ్ళ బిడ్డల దగ్గరికి వెళ్ళవలసి వస్తే పరిస్థితి ఎలా ఉంటుందో ఎవరమూ చెప్పలేము.

కాబట్టి వీలునామా రాయండి. అయితే మీ అమ్మగారిని అందులో మరిచిపోవద్దు. ఆవిడ జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు, వైద్యానికి కొంత సొమ్ము రాసిపెట్టడం మీ ధర్మం. తెల్లకాగితం మీద, మీకు వచ్చిన భాషలో, మీ చేతిరాతతోనే రాయవచ్చు. స్టాంపు రుసుము లేదు. మీరు సంతకం చేయడం చూసి ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకం చేయాలి. ఆ ఇద్దరూ ఆస్తి పొందేవారు కాకుండా, మీకంటే వయసులో చిన్నవారై ఉండడం మంచిది, ఎందుకంటే కోర్టులో రుజువు చేయవలసి వస్తే కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, చేయిస్తే కాగితం పోయిందన్న భయం ఉండదు. మనసు మారితే ఎన్నిసార్లయినా తిరిగి రాయవచ్చు, చివరిదే చెల్లుతుంది.

పొలం మాట వేరు. అది నాన్నగారి స్వార్జితమైతే మీ అమ్మగారికీ, మీ ముగ్గురికీ సమానంగా, తలా ఒక ఎకరం చొప్పున వస్తుంది. మీరు వీలునామాలో రాయగలిగింది ఆ ఒక్క ఎకరం మాత్రమే. అమ్మగారు బాగున్నప్పుడే, ఆవిడ మాటకు అందరూ తలవంచే రోజుల్లోనే, నలుగురూ తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళి పాసుపుస్తకం మార్పించుకోండి. మీ తమ్ముడికి వాటా వదిలిపెట్టాలని ఉంటే ఆ పని కూడా కాగితం మీదే చేయండి. మీ తరువాత మీ అమ్మాయికి ఆ ఊళ్ళో దారి కూడా తెలియదు.


జవాబు 3 (ఆర్.టి.నగర్, విశ్రాంత ఉపాధ్యాయిని)

బాబూ, మావారు 2019లో పోయారు. మాకు పిల్లలు లేరు. పెద్దకర్మ అయిన మర్నాటికి ఇల్లు ఖాళీ అయింది. 31 ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, మా ఇంటి లెక్క ఒక్కటీ నాకు తెలియదని ఆ రోజు తెలుసుకున్నాను.

ముందు, నాకు జరిగిన రెండు పొరపాట్లు చెబుతాను. మరణాన్ని అది జరిగిన చోటే 21 రోజుల లోపల నమోదు చేయించాలి. అది చేశాము. అయితే ధ్రువపత్రంలో మావారి పేరు ఇంటిపేరు లేకుండా పడింది, బ్యాంకు పాసుపుస్తకంలో ఇంటిపేరుతో ఉంది. ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికి నాలుగు నెలలు తిరిగాను. మీ ఆధార్, పాన్, బ్యాంకు, ఇంటి కాగితాలు అన్నిటిలో పేరు ఒకేలా ఉన్నదో లేదో మీరే ఇప్పుడు చూసుకోండి. రెండోది, మా మరిది మంచి ఉద్దేశంతోనే మావారి సిమ్ కార్డును వెంటనే మూసివేయించాడు. ఆ తరువాత ఏ ఖాతా కోసం వెళ్ళినా ఓటీపీ ఆ నంబరుకే పోతున్నది. ఆరునెలలైనా ఆ నంబరును బతికించి ఉంచమని మీ ఇంట్లో చెప్పండి.

ఇక మీ ఇల్లాలి సంగతి. మీరు మీ చావు గురించి చెబుతుంటే ఆమె వినలేదు, నేనూ వినేదాన్ని కాదు. మావారు ఒకసారి ఏదో చెప్పబోతే నేను చెవులు మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను, ఆ సాయంత్రం ఇప్పటికీ నన్ను వదలదు. మీరు తిరగేసి అడిగి చూడండి. "నీకు ఏదైనా అయితే అమ్మకు ఏ మాత్ర ఎప్పుడు వేయాలో నాకు తెలియదు, చీటీ డబ్బు ఎవరికి కడుతున్నావో తెలియదు, బంగారం ఏది ఎక్కడ ఉందో తెలియదు, నాకు చెప్పు" అనండి. ఆమె దగ్గర మీకు తెలియని ఇల్లు ఒకటి ఉంది. అది ఆమె మీకు చెప్పడం మొదలుపెడితే, మీది వినడం కష్టం కాదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మా అమ్మ అనేది. ఆ చక్కబెట్టే పని ఇద్దరిదీ.

ఇది చదివే ఆడవారికి ఒక మాట. పిల్లలు లేని విధవరాలు తన జీతంతో కొనుక్కున్న ఇల్లు కూడా, వీలునామా లేకపోతే, ఆమె పుట్టింటివారికంటే ముందు భర్త వారసులకు చేరుతుంది. అదే 1956 చట్టంలోని 15వ సెక్షను. నన్ను చూసుకుంటున్నది మా చెల్లెలి కూతురు. ఈ విషయం తెలిసిన వారంలోనే నేను వీలునామా రాసి రిజిస్టరు చేయించాను.


జవాబు 4 (వైట్‌ఫీల్డ్, ఐసీయూ నర్సు)

అన్నగారూ, అందరూ పోయిన తరువాత సంగతులు చెప్పారు. పోవడానికి ముందు రోజుల గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేను రాస్తున్నాను. కోలుకునే ఆశ లేదని వైద్యులు చెప్పాక, వెంటిలేటరు కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్న బయట బెంచీ మీద కూర్చున్న భార్య మీదా, కూతురి మీదా పడుతుంది. ఏ సమాధానం చెప్పినా తరువాత ఏళ్ళ తరబడి తామే తప్పు చేశామని కుమిలిపోయేవారిని చూశాను.

అందుకే లివింగ్ విల్, అంటే కోలుకోలేని స్థితి వస్తే ఎలాంటి చికిత్స వద్దో ముందే చెప్పే పత్రం, రాసిపెట్టుకోండి. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న దానికి చట్టబద్ధత ఇచ్చింది, 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేత గాని గెజిటెడ్ అధికారి చేత గాని ధ్రువీకరింపజేస్తే చాలు. మీరు చెప్పలేని స్థితిలో మీ తరఫున ఎవరు మాట్లాడాలో పేర్లు అందులో రాయాలి. చికిత్స ఆపే నిర్ణయం ఎవరో ఒక్కరు తీసుకునేది కాదు. ఆసుపత్రిలో రెండు వైద్య మండళ్ళు ఒకదాని తరువాత ఒకటి చూడాలి. కర్ణాటక ప్రభుత్వం దీని అమలుకు 2025 జనవరి 30న ఉత్తర్వు కూడా ఇచ్చింది.

నేత్రదానం చేయాలని ఉంటే అది కూడా ఇంట్లో చెప్పి ఉంచండి. మీరు ఎక్కడ పేరు నమోదు చేసుకున్నా, ఆ సమయానికి ఫోను చేయవలసింది, సరేననవలసింది ఇంట్లోవాళ్ళే. ఆరు గంటల లోపల కళ్ళు తీసుకోవాలి. అంతవరకు కనురెప్పలు మూసి, తడి దూది వేసి, ఫ్యాను ఆపి, తల కింద దిండు ఎత్తుగా పెట్టాలి. 2021లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ పోయిన దుఃఖంలోనూ ఆయన కుటుంబం ఈ పని వెంటనే చేయగలిగింది, వాళ్ళింట్లో ఆ మాట తండ్రిగారి కాలం నుంచే ఉంది.


ప్రశ్న అడిగినవారి మాట (పన్నెండు రోజుల తరువాత)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పీఎఫ్ ఖాతాలో నామినీగా ఇంకా నాన్నగారి పేరే ఉంది. ఆయన పోయి ఇన్నేళ్ళయినా నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రాత్రే మార్చాను. తమ్ముడితో, చెల్లెలితో ఫోనులో మాట్లాడాను. అమ్మను తీసుకుని వచ్చే నెల ఊరికి వెళుతున్నాము. ఈ పని ముందే చేయవలసిందని మొదట అన్నది తమ్ముడే. వీలునామా చిత్తు రాసి న్యాయవాదికి చూపించాను. లివింగ్ విల్ మాట ఇంకా ఇంట్లో ఎత్తలేదు, దానికి కొంత సమయం కావాలి.

ఉపాధ్యాయిని గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. అమ్మ మాత్రలతో మొదలై రాత్రి పదకొండు దాటింది. మా ఆవిడ రెండు చీటీలు కడుతున్నదని నాకు అప్పుడే తెలిసింది. చివరకు ఆమే, "మరి మీవి ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పండి" అంది. ఒక నోటుపుస్తకం తెచ్చి ఖాతాలు, పాలసీలు, లాకరు, ఫ్లాటు ఖాతా పత్రం (నగరపాలిక లెక్కల్లో ఫ్లాటు నమోదు కాగితం), అప్పులు, ఫోను తాళం వరుసగా తెలుగులో రాశాను, ఇంటి కాగితాలు కన్నడంలో ఉంటే ఆమె చదవలేదు కాబట్టి ఒక్కొక్కదాని మీద అది ఏమిటో తెలుగులో చీటీ అంటించాను.

మర్నాడు ఆ పుస్తకం అమ్మాయి చేతికి ఇస్తే, కాసేపు తిరగేసి, తనకు తెలుగు చదవడం రాదని మెల్లగా అంది. ఇప్పుడు రోజూ రాత్రి భోజనాలయ్యాక వాళ్ళ అమ్మ ఒక్కొక్క పేజీ చదివి చెబుతున్నది, అమ్మాయి ఎదుటి పేజీలో ఇంగ్లీషులో రాసుకుంటున్నది. నిన్నటికి తొమ్మిది పేజీలు అయ్యాయి.