మాలావి: ఊరి సీబీసీసీలో 80 మంది పిల్లలకు గంజి, ఏడాది లెక్క ఎలా? (ప్రశ్న, జవాబులు; ప్రతి భాగం పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు)

డోవా రోడ్డు
డోవా జిల్లాలో ఒక ఊరి సీబీసీసీకి సాయం చేద్దామని రాజధాని లిలాంగ్వేలో ఉన్న మేం కొందరం అనుకుంటున్నాం. తెలియనివాళ్ల కోసం: సీబీసీసీ అంటే మన అంగన్‌వాడీ లాంటిదే, కాకపోతే నడిపేది ఊరివాళ్లే, చూసుకునే ఆడవాళ్లకు జీతం ఉండదు. సుమారు 80 మంది పిల్లలు, మూడు నుంచి ఐదేళ్లవాళ్లు. చాలామంది అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. వారానికి ఐదు రోజులు లికుని ఫాలా, అంటే మొక్కజొన్న, సోయా కలిపిన పిండి గంజి పెట్టించాలి. పిండి ఎంత పడుతుంది? డబ్బు నెలనెలా కమిటీకి పంపితే సరిపోతుందా? అమ్మానాన్నలు లేని పిల్లలకే పెడితే ఖర్చు తగ్గుతుంది కదా అని మాలో ఒకరు అంటున్నారు.

గింజల లెక్క
ఈ వయసుకు రోజుకు 75 గ్రాముల పొడి పిండి వేసుకోండి. 80 మందికి 6 కిలోలు, నెలకు 20 రోజులైతే 120 కిలోలు. నాలుగు వంతుల మొక్కజొన్నకు ఒక వంతు సోయా. పదకొండు నెలలకు, తరుగు పది శాతం కలిపితే, మొక్కజొన్న సుమారు 1,160 కిలోలు, సోయా 290 కిలోలు. మొక్కజొన్నను మ్గైవాగా, అంటే పొట్టుతో సహా ఆడించాలి. తెల్ల పిండి చూడ్డానికే బాగుంటుంది, బలమంతా తవుడులో పోతుంది.

డబ్బు నెలనెలా పంపొద్దండీ. కోతలు ఏప్రిల్ నుంచి జూన్ దాకా, అప్పుడే ధర తక్కువ. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి ఆకాశాన్నంటుతుంది. పైగా 2023 నవంబరులో అక్కడి డబ్బు క్వాచా విలువను, డాలరు ధర ఒక్కసారే 44 శాతం పెరిగేలా తగ్గించారు. నెలకు ఇన్ని క్వాచాలని ముందే కట్టుబడితే అలాంటి ఏడాది కుండ సగమే నిండుతుంది. జూన్‌లోనే ఏడాది గింజ కొని ఊళ్లో పెట్టండి. గదికి రెండు తాళాలు, తాళంచెవులు ఇద్దరి దగ్గర. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు.

కొనేటప్పుడు తేమ చూసుకోవాలి. బాగా ఎండిన సీసాలో రెండు చెంచాల పొడి ఉప్పు, గుప్పెడు గింజలు వేసి రెండు మూడు నిమిషాలు గట్టిగా ఊపండి. ఉప్పు గాజుకు అంటుకుందంటే ఇంకా ఎండాలి. ఎండిన గింజను మూడు పొరల పిక్స్ సంచుల్లో పోసి, గాలి నొక్కేసి, పొరపొరకూ విడిగా మూతి కట్టండి. లోపలి పురుగు ఊపిరాడక చస్తుంది, పిల్లల తిండిలో మందు పొడి కలపాల్సిన పని ఉండదు. 50 కిలోల సంచులైతే ముప్పై కావాలి. ఎలుక ఒక్క కన్నం పెట్టిందా, ఆ సంచి మామూలు గోనెతో సమానం. చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చండి.

ఎక్కువగా చెడేది సోయా దగ్గర. పచ్చి సోయా ఆడించి కలిపేస్తే గంజి చేదెక్కుతుంది, పిల్లలకు కడుపునొప్పి, ఆ ప్రోటీన్ సరిగా ఒంటబట్టదు కూడా. నీళ్లు తెర్లేటప్పుడే గింజలు వేసి అరగంట ఉడికించాలి. చన్నీళ్లలో వేసి పొయ్యెక్కిస్తే ఆ పచ్చివాసన వదలదు. తర్వాత తొక్క పోయేలా రుద్ది కడిగి, ఎండబెట్టి, మొక్కజొన్నతో కలిపి మరకు పంపండి. సోయాలో నూనె ఉంటుంది కాబట్టి పిండి త్వరగా ముక్కిపోతుంది. ఒక్కసారికి పదిహేను రోజుల పిండికి మించి ఆడించొద్దు.

ఊరి కమిటీ
పై లెక్క బాగుంది. నేను మిగతా రెండిటి గురించి చెప్తాను: ఎవరికి పెట్టాలి, ఎవరు వండాలి.

అమ్మానాన్నలు లేనివాళ్లకే గంజి అనే ఆలోచన ఇక్కడితో వదిలేయండి. ఇరవై మంది తింటుంటే అరవై మంది చూస్తూ నిలబడతారు, ఆ ఇరవై మందికి పేరు పడిపోతుంది. తల్లి బతికున్న ఇంట్లోనూ చుట్టాల పిల్లలు ముగ్గురో నలుగురో అదే కుండలోంచి తింటుంటారు. అందరికీ పెట్టండి. అసలు కష్టంలో ఉన్న పిల్లలు కేంద్రానికే రారు: అమ్మమ్మకు నడవడం చేతకాదు, అక్కేమో చంటివాణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉంటుంది. హాజరు పట్టీలో ప్రతి పిల్లకీ ఎదురుగా ఒక పెద్దమనిషి పేరు రాయించండి. మూడు రోజులు రాకపోతే ఆ మనిషి ఇంటికి వెళ్లి చూడాలి. బాగా చితికిపోయిన ఇళ్లను జిల్లా సాంఘిక సంక్షేమ ఆఫీసు దృష్టికి తీసుకెళ్లొచ్చు. 2006లో మ్చింజి జిల్లాలో మొదలైన నగదు సాయం, ఎమ్‌టుకులా పఖోమో, అలాంటి ఇళ్ల కోసమే.

ఇక వంట. నవంబరులో వానలు పడగానే ఆడవాళ్లు సొంత చేలకు పోతారు. పోవాలి మరి, ఆ చేనే వాళ్ల ఏడాది తిండి. దాంతో ఇళ్లలో గింజ అడుగంటే డిసెంబరు, జనవరిల్లోనే కేంద్రం మూతపడుతుంది. ఇద్దరి మీద భారం వేయకుండా పదిమందిని పెట్టుకోండి. రోజుకు ఇద్దరు, మనిషికి వారంలో ఒక్క పొద్దు. కృతజ్ఞతగా ఏమైనా ఇవ్వాలంటే అక్టోబరులో విత్తనం, ఎరువు ఇవ్వండి. ఒక ఏడాది జీతమిచ్చి ఆపేస్తే మాత్రం ఉన్న వాలంటీర్లూ పోతారు.

పల్లీ
కమిటీలో ఎవరో ఒకరు వేరుశనగ కూడా కలుపుదామంటారు. మంచిదే. అక్కడ బాగా పండించే సీజీ7 మన పటాన్‌చెరు ఇక్రిశాట్ రకమే, మాలావిలో 1990లో విడుదలైంది. చిక్కల్లా ఒలవడం దగ్గర. చేత్తో సులువుగా ఒలవాలని కాయను తడుపుతారు. తడి గింజ సంచిలోకి వెళ్లి బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది వేయించినా ఉడికించినా పోదు. ఒలిచిన పప్పు కొనకండి. కాయలే కొని, కళ్లముందు పొడిగా ఒలిపించి, ముడతపడ్డవీ రంగు మారినవీ ఏరించండి. ఏరినవి కోళ్లకు కూడా వేయొద్దు.

డోవా రోడ్డు
అందరికీ ధన్యవాదాలు. జూన్‌లోనే కొంటాం. రెండు సందేహాలు: నీళ్లు ఎంత పోయాలి? మరీ బక్కగా ఉన్న పిల్లకు ఇంకో గరిటె వేస్తే సరిపోతుందా?

ఊరి కమిటీ
6 కిలోలకు 35 లీటర్లు. పిండిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి, అరగంట కలియబెట్టాలి. ఆ రోజు పిల్లలు ఎక్కువొస్తే వంటవాళ్ల చెయ్యి నీళ్ల బిందె మీదకు పోతుంది. పిండి డబ్బా మీదకు పోయేలా కొలత గిన్నె అక్కడే పెట్టండి.

బక్కపిల్లకు ఇంకో గరిటె చాలదు. దండచుట్టు (మోచేతి పైభాగం చుట్టుకొలత) టేపు తెప్పించండి, ఐదేళ్లలోపు పిల్లలకు నెలకోసారి కొలవాలి. 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే ఆ రోజే ఆరోగ్య కేంద్రానికి. పాదాలు వాచినా అంతే, అప్పుడు కొలత బాగున్నా ఆగొద్దు. 11.5 నుంచి 12.5 లోపు ఉంటే ఊరి ఆరోగ్య కార్యకర్త హెచ్‌ఎస్‌ఏకు చెప్పండి. ఆరోగ్య కేంద్రంలో చిపోండె (బక్కపిల్లల కోసం చేసే పల్లీ ముద్ద) ప్యాకెట్లు ఇస్తే అవి ఆ పిల్లకు మందు, ఇంట్లో అందరూ పంచుకు తినొద్దని అమ్మమ్మకు వివరంగా చెప్పాలి. దెబ్బలు, వేధింపులు కనబడితే కమిటీలో పంచాయతీ పెట్టకుండా పిల్లల హెల్ప్‌లైన్ 116కు ఫోన్ చేయండి. ఆ నంబరు కేంద్రం గోడ మీద పెద్దగా రాయించండి.