అప్‌డేట్: ఊళ్లో ఫిజియో (ఫిజియోథెరపిస్ట్) లేకపోతే పక్షవాతం మనిషికి ఇంటివాళ్లే వ్యాయామాలు చేయించొచ్చా?

జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు. తేలిందేంటంటే, ఇంటివాళ్లు తోడు మాత్రమే, ఫిజియోకి బదులు కాదు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మంది పక్షవాతం రోగులతో జరిగిన అటెండ్ అనే అధ్యయనంలో (2017) ఇంటివాళ్లకు వ్యాయామాలు నేర్పి పంపినా ఆర్నెల్లకు రోగులు కోలుకోవడంలో తేడా కనిపించలేదు. అందుకే ఎంత దూరమైనా వీలు చూసుకుని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ చేయించే వ్యాయామాలు ఫోన్‌లో వీడియో తీసుకోండి.

ఇంట్లో ఎక్కువగా జరిగే తప్పు, పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని లేపడం. కండరాలకు పట్టు లేక భుజం కీలు కిందికి జారి ఉంటుంది, లాగితే నొప్పి నెలల తరబడి వదలదు. దయచేసి ఆ చెయ్యి లాగొద్దు. కూర్చోబెట్టినప్పుడు మోచెయ్యి నుంచి వేళ్ల దాకా కింద దిండు ఉండాలి.

ఆంధ్రలో వైకల్య పింఛనుకు సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చేది) కావాలి, ఆ పరీక్షకు స్లాట్ సచివాలయంలో అడగండి.