కొత్త బ్యాటరీ వేసినా 13.1 వోల్టులే వస్తోంది, డైనమో మార్చాలా?

ప్రశ్న (పానా_12):
కారులో లైట్లు, బ్లోవర్ వేసి ఇంజన్ నడుపుతుంటే బ్యాటరీ దగ్గర 13.1 వోల్టులు. అదే సమయంలో డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్) వెనక, కరెంటు బయటికొచ్చే బీ ప్లస్ బోల్టుకీ, దాని బాడీకీ మధ్య కొలిస్తే 14.3. డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలగట్లేదు. సెల్ఫ్ మాత్రం బద్ధకంగా తిరుగుతోంది. డైనమో మార్చమంటున్నారు.

నల్లవైరు:
ఇప్పుడే మార్చకండి. 14.3 ఇస్తోందంటే అది తన పని చేస్తున్నట్టే. దారిలో 1.2 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. చాలా డైనమోల్లో రెగ్యులేటర్ (వోల్టేజీని అదుపులో ఉంచే భాగం) తన దగ్గరున్న వోల్టేజీనే చూసుకుంటుంది, బ్యాటరీకి ఎంత చేరిందో దానికి తెలియదు. కొత్తది వేసినా ఇదే రీడింగ్ వస్తుంది.

ఇంజన్‌ని 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, హెడ్‌లైట్లు, బ్లోవర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేయండి. లోడ్ లేకపోతే తుప్పు పట్టిన జాయింటు కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి రెండు చోట్ల చూడండి. బీ ప్లస్ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి 0.3 దాటకూడదు. డైనమో బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 0.2 దాటకూడదు. ప్రోబ్ క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే ఆనించాలి. లేదంటే క్లాంపు లోపలి తుప్పు లెక్కలోకి రాదు. బెల్టు, ఫ్యాన్ దగ్గర చేతులు, వైర్లు జాగ్రత్త.

పానా_12:
పాజిటివ్ వైపు 0.15, నెగటివ్ వైపు 1.05.

నల్లవైరు:
అయితే ఎర్తే, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి. దాన్నీ ముక్కలుగా కొలవండి: బ్యాటరీ నెగటివ్ నుంచి కారు బాడీకి, కారు బాడీ నుంచి ఇంజన్ బ్లాక్‌కి, బ్లాక్ నుంచి డైనమోకి. నా అనుమానం మధ్యదాని మీద, అంటే ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే జడలాంటి స్ట్రాప్. సెల్ఫ్ కరెంటు కూడా అదే దారిన వెళ్తుంది, బద్ధకం అందుకే. స్ట్రాప్ పూర్తిగా తెగితే కరెంటు క్లచ్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది, ఆ కేబుల్ కాలిపోవడమూ ఉంటుంది.

రుజువు తేలికే. జంపర్ కేబుల్ ఒకటి బ్లాక్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి తగిలించండి. బ్యాటరీ దగ్గర రీడింగ్ 14 దాటితే దొంగ దొరికినట్టే.

బాగుచేసేటప్పుడు ఇంజన్ ఆపి, ముందు నెగటివ్ టెర్మినల్ తీసేయండి. స్ట్రాప్ రెండు కొసలూ విప్పి, అది ఆనే చోట పెయింటు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా ఎమెరీ పేపర్‌తో గీకండి. బిగించాకే పైన గ్రీజు పూయాలి. తీగలు పచ్చబడినా, కొన్ని తెగినా కొత్త స్ట్రాప్ వేయండి. బోల్టు బిగించినంత మాత్రాన సమస్య కొద్దిరోజులే ఆగుతుంది.

బెల్టుబిగువు:
ఇది చదివే మిగతావాళ్లకి రెండు మాటలు. మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 0.5 దాటి చూపిస్తే డయోడ్లను (డైనమోలో ఏసీని డీసీగా మార్చేవి) అనుమానించండి. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఛార్జింగ్‌ని నియంత్రించే కార్లలో బ్యాటరీ నిండాక 13 కంటే తగ్గడం మామూలే. లైట్లు వేసి చూశాకే తేల్చండి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడమనేవాళ్ల మాట మాత్రం వినకండి. ఆ క్షణంలో లేచే వోల్టేజీకి రెగ్యులేటర్, ఈసీయూ రెండూ పోవచ్చు.