ముప్పై ఏళ్ల నిబంధన: గల్ఫ్‌కు వెళ్లే ఆడవాళ్లకు రక్షణా, అడ్డంకా?

పాలకొల్లు మాస్టారు:
పాస్‌పోర్టు ఈసీఆర్ (విదేశాల్లో పనికి ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరి) కోవలో ఉన్న మహిళ పని కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే, 30 ఏళ్లు నిండనిదే వలసల చట్టం (1983) కింద అనుమతి రాదు. దీనిని ఎత్తివేయాలని కొందరు వాదిస్తున్నారు. నేను ఉంచాలనే పక్షం. భాష తెలియని ఇంట్లో, పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉండగా, ఇరవై ఏళ్ల పిల్ల ఎవరికి మొరపెట్టుకుంటుంది? రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు గల్ఫ్‌తో సంబంధం లేని వీధి అరుదు కనుక ఇక్కడివారి అభిప్రాయాలు కోరుతున్నాను.

అమలాపురం న్యాయవాది:
మాస్టారూ, మీ భయం న్యాయమైనదే గాని, ఆ నిబంధన వల్ల ప్రయాణాలు ఆగలేదు, దొడ్డిదారి పట్టాయి. అనుమతి దొరకని మహిళను సబ్ ఏజెంటు విజిట్ వీసాపై దుబాయికి పంపి, అక్కడి నుండి ఒమన్‌కో మరో చోటికో చేరుస్తాడు. అలా వెళ్లిన మనిషికి ఒప్పంద పత్రం ఉండదు, ప్రభుత్వ రికార్డులో పేరూ ఉండదు. పైగా పదో తరగతి గట్టెక్కినవారికి ఈసీఆర్ వర్తించదు. అంటే 22 ఏళ్ల యువతి నేరుగా విమానం ఎక్కవచ్చు, పది తప్పిన 29 ఏళ్ల ఇద్దరు బిడ్డల తల్లి ఎక్కరాదు. ఇందులోని తర్కం నాకు నేటికీ అంతుపట్టలేదు.

సఖినేటిపల్లి, కువైట్‌లో పనిచేసి వచ్చినామె:
వయసు సంగతి పెద్దలు తేల్చండి, నేను డబ్బు సంగతి చెబుతాను. మగవాళ్లు అప్పు చేసి వీసా కొనుక్కుంటారు. ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసాకు మా దగ్గర సాధారణంగా ఏమీ తీసుకోరు. అక్కడి యజమాని పనివాళ్లను కుదిర్చే ఆఫీసుకు కడతాడు, అందులో వాటా మన ఊరి ఏజెంటుకు ముడుతుంది. అందుకే పని భరించలేక ఇంటికి పంపమంటే, "నీ మీద పెట్టిన సొమ్ము కట్టి వెళ్లు" అంటారు. ఎలాగో తిరిగి వచ్చి స్టేషనుకు వెళితే, ఏజెంటుకు ఎంత ఇచ్చావన్నదే మొదటి ప్రశ్న. ఏమీ ఇవ్వలేదంటే, ఇక మోసం ఎక్కడిదమ్మా అని పంపించేశారు.

అమలాపురం న్యాయవాది:
అమ్మా, అసలు ముడి మీరు చెప్పిందే. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షనులో (2024 జూలై 1కి ముందు ఐపీసీ 370) బాధితురాలు డబ్బు పోగొట్టుకుందా అన్న ప్రశ్నే లేదు. దోపిడీ కోసం మోసంతోనో, బెదిరింపుతోనో, ప్రలోభంతోనో మనిషిని చేర్చుకోవడం, తరలించడం నేరం. ఆమె ఒప్పుకునే వెళ్లిందన్న వాదన చెల్లదని ఆ సెక్షనే చెబుతుంది. శిక్ష ఏడేళ్లకు తగ్గదు. వలసల చట్టంలో లైసెన్సు లేని ఏజెంటుకు గరిష్ఠంగా రెండేళ్లే.

పాలకొల్లు మాస్టారు:
సెక్షను బలమైనదే, రుజువు మాటేమిటి? "వీసా ఇప్పించాను, అక్కడ ఏం జరిగిందో నాకేం తెలుసు" అని ఏజెంటు అంటే, సాక్ష్యమంతా సముద్రం అవతల ఉంటుంది. ఆ దారి గట్టిపడేవరకు వయసు నిబంధన తీసివేయడానికి నేను ఒప్పుకోను.

అమలాపురం న్యాయవాది:
సాక్ష్యం కొంత ఇక్కడే ఉంటుందండీ. వాట్సాప్ వాయిస్ సందేశాలు, టికెట్టు కొన్న ఖాతా, వీసా ప్రతి చూడండి. దుకాణంలో పని అని చెప్పి ఖద్దామా వీసాపై పంపినట్లు ఆ కాగితాలే చూపితే, మోసం జరిగింది మన ఊళ్లోనే అవుతుంది. అందుకే బయలుదేరే ముందు వీసా నకలు ఇంట్లో ఉంచి వెళ్లమని నా దగ్గరకు వచ్చిన ప్రతివారికీ చెబుతాను.

సఖినేటిపల్లి, కువైట్‌లో పనిచేసి వచ్చినామె:
నా వీసా నాకు విమానాశ్రయం గేటు దగ్గర ఇచ్చారండీ, అదీ అరబ్బీలో. నకలు ఎప్పుడు తీయాలి?